తాతకి వినపడదు, అమ్మకి దగ్గు ఆగదు: "ఏం పని చేస్తావు?" అనే ప్రశ్న కథ

ఈసారి ఎపిసోడ్ మా ఇంటి నుంచే మొదలుపెడతా. మాది కనిగిరి. మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర జరిగే సీన్ ఒకటి ఉంది. అమ్మ వంటింట్లోంచి "మావయ్యా, చారు పోయనా?" అని అడుగుతుంది. తాత తల పైకెత్తి, "కారు పోయిందా? ఎవరిది?" అంటాడు. మేమందరం నవ్వుతాం. తాత కూడా నవ్వుతాడు. చాలా ఏళ్లు మాకది ఒక జోకు.

ఇంకో సీన్. అమ్మ పడుకున్నాక అర్ధరాత్రి దాకా దగ్గుతూనే ఉంటుంది. పొద్దున లేచాక ముక్కు కారడం, కళ్లు మండడం. ఎవరన్నా అడిగితే "ఎలర్జీ" అంటుంది. అలమారలో ఎప్పుడూ ఒక సిట్రజిన్ షీటు ఉంటుంది.

మూడో సీన్ నాది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో బీటెక్ చదివి సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరా. మీటింగులకి హెడ్‌ఫోన్స్, మీటింగ్ లేకపోతే పాటలకి హెడ్‌ఫోన్స్, పడుకునేటప్పుడు ఇయర్‌బడ్స్. మూడేళ్లకి కుడి చెవిలో కీచురాయి అరిచినట్టు ఒకటే మోత. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే, చెవిలో లైటు వేసి చూడకముందే ఆయన అడిగిన మొదటి మాట: "ఏం పని చేస్తావు బాబూ?"

ఆ మాట దగ్గర నేను ఆగిపోయా. ఎందుకంటే మా తాతని ఏ డాక్టరూ ఆ మాట అడగలేదు. అమ్మనీ అడగలేదు. తాతది "వయసు", అమ్మది "ఎలర్జీ", అంతే. అసలు ఈ ప్రశ్న ఎక్కడ పుట్టింది అని వెతకడం మొదలుపెట్టా. ఈ ఎపిసోడ్ అదే.

ఇటలీలో ఒక డాక్టరు

బెర్నార్డినో రామజ్జీని అని ఇటలీలో ఒక డాక్టరు ఉండేవాడు. 1700లో ఆయన పనివాళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. 1713లో ఇంకా పెంచి రెండోసారి వేశాడు. అప్పటిదాకా డాక్టర్లు రోగిని అడిగే ప్రశ్నల జాబితా ఒకటి ఉండేది. ఎప్పటి నుంచి ఉంది, ఏం తిన్నావు, విరేచనం అవుతోందా, ఇట్లాంటివి. దానికి ఇంకో ప్రశ్న కలపండి అన్నాడు రామజ్జీని: నువ్వు చేసే పని ఏంటి?

ఆ పుస్తకంలో రెండు రకాల మనుషులు ఉన్నారు. ఒకరు వెనిస్‌లో రాగి గిన్నెలు కొట్టే కంచరులు. పొద్దున్నించి సాయంత్రం దాకా సుత్తి మోతలో ఉండి, ముసలితనం వచ్చేసరికి వాళ్ల చెవులు పనిచేయవని రాశాడు. రెండోవాళ్లు నార దువ్వేవాళ్లు, గింజలు జల్లించేవాళ్లు. దుమ్ము పీల్చి పీల్చి దగ్గు, ఆయాసం. చెవుడూ దగ్గూ ఒకే పుస్తకంలో. మా తాతా, మా అమ్మా 300 ఏళ్ల కిందటే అందులో ఉన్నారన్నమాట.

తాత ఏం పని చేశాడు?

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాత పక్కన కూర్చుని అడిగా. తాత వయసులో ఉన్నప్పుడు గుంటూరు పక్కన ఒక జిన్నింగ్ మిల్లులో పద్దెనిమిది సీజన్లు చేశాడు. జిన్నింగ్ అంటే పత్తిలోంచి గింజ వేరుచేయడం. మన దగ్గర వాడేవి రోలర్ జిన్నులు. షెడ్డులో అవి వరసగా ఉండి, అన్నీ ఒకేసారి తిరుగుతాయి. "లోపల ఎట్లా మాట్లాడుకునేవాళ్లు?" అని అడిగితే తాత నవ్వాడు. "మాటలెక్కడివిరా? మూతులు చూసుకునేవాళ్లం" అన్నాడు.

ఇంగ్లండులో లాంకషైర్ అనే చోట బట్టల మిల్లుల్లో ఇదే జరిగింది. మగ్గాల మోతలో మాట వినపడక, అక్కడి ఆడవాళ్లు పెదాలు బాగా కదిలిస్తూ, ముఖంతో చేతులతో మాట్లాడుకునే పద్ధతి ఒకటి తయారుచేసుకున్నారు. దానికి మీ-మాయింగ్ అని పేరు కూడా ఉంది. వాళ్లెవరూ మా తాతని చూడలేదు, తాత లాంకషైర్ పేరు వినలేదు. మోత ఒకటే కాబట్టి ఇద్దరికీ ఒకటే ఉపాయం తట్టింది.

ఇప్పుడు సైన్సు ముక్క ఒకటి. మన చెవి లోపల నత్తగుల్లలాంటి భాగం ఉంటుంది. అందులో శబ్దాన్ని పట్టుకునే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. పెద్ద మోతకి అవి దెబ్బతింటాయి. మనుషుల్లో అవి మళ్లీ మొలవవు. మోత వల్ల వచ్చే చెవుడు ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల దెబ్బకొడుతుంది. అంటే సన్నటి, పదునైన శబ్దాలు పోతాయి. స, శ, చ, త, క లాంటి హల్లుల పదును అక్కడే ఉంటుంది. అచ్చులు మాత్రం కింద ఉంటాయి, అవి బాగానే వినపడతాయి.

అందుకే "చారు" తాతకి "కారు" అయింది. 'ఆ'కారం వినపడింది, ముందున్న హల్లు పోయింది. అందుకే ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు కంటే మగవాళ్ల గొంతు తాతకి బాగా తెలుస్తుంది. "మీ తాతకి కావాల్సినవి మాత్రం బాగా వినపడతాయి" అని చుట్టాలు అంటారు కదా, అది తాత నాటకం కాదండి. నాన్న మాట తెలిసి అమ్మ మాట తెలియకపోతే మనకి నాటకంలా కనిపించింది, అంతే. అక్క పెళ్లిలో తాత ఎవరితోనూ మాట్లాడకుండా మండపం బయట చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అలిగాడు అనుకున్నాం. మైకు, మేళం, వంద మంది మాటలు కలిసిన చోట ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సంగతి నాకు తెలియడానికి నా చెవిలో మోత రావాల్సి వచ్చింది.

ఇక్కడ నుంచి వచ్చే టిప్స్ చెప్తా, రాసుకోండి.

ఒకటి, అరవద్దు. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు కావు. మామూలు గొంతుతో, కాస్త నిదానంగా, ఎదురుగా నిలబడి చెప్పండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ మూతి వాళ్లకి నల్లగా కనిపిస్తుంది.

రెండు, ముందు పేరు పిలవండి, చూశాక విషయం చెప్పండి. పక్క గదిలోంచి కేకలు వేయొద్దు.

మూడు, అర్థం కాకపోతే అదే వాక్యం మూడుసార్లు అనకండి. మాట మార్చండి. "చారు పోయనా" తెలియకపోతే "అన్నంలోకి రసం వేయనా" అనండి. టీవీ ఆపి మాట్లాడండి.

నాలుగు, దయచేసి "ఏం లేదులే, వదిలేయ్" అనొద్దు. తాత నాతో చెప్పాడు, ఆయన్ని అన్నిటికంటే బాధపెట్టిన మాట అదేనట.

అమ్మ ఏం పని చేస్తుంది?

కనిగిరి పక్కల నీళ్లు తక్కువ, వానలు తక్కువ. సంక్రాంతి దాటాక మిరప కోతలకి గుంటూరు, పల్నాడు వైపు వలస వెళ్లేవాళ్లు మా చుట్టూ చాలామంది. అమ్మ నా చిన్నప్పటి నుంచి వెళ్తోంది. కోత అయ్యాక కల్లంలో ఎండబెట్టడం, తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. సీజన్లో ఆ రోడ్డు మీద బస్సు వెళ్తుంటేనే లోపల అందరూ తుమ్ముతారు. ఆ ఘాటులో రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు కూర్చునేవాళ్ల సంగతి ఊహించుకోండి.

దీన్ని మనం ఎలర్జీ అంటాం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఎలర్జీ అనే మాటకి వయసు ఎంత? 1906లో ఆస్ట్రియాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు ఆ మాట పుట్టించాడు. అంతకుముందు 1873లో ఇంగ్లండులో మాంచెస్టర్ డాక్టరు చార్ల్స్ బ్లాక్లీ, పుప్పొడి వల్లే తుమ్ములు వస్తున్నాయని తన మీదే ప్రయోగాలు చేసుకుని రాశాడు. ఆయనకే ఆ జబ్బు ఉంది. గాలిపటాలకి జిగురు పూసిన అద్దాలు కట్టి పైకి ఎగరేసి, ఎంత ఎత్తులో ఎంత పుప్పొడి ఉందో లెక్కపెట్టాడు. అంటే ఎలర్జీ అంటే ఏంటి? పుప్పొడి లాంటి, పెద్దగా హాని చేయని వస్తువుని మన ఒంటిలోని రక్షణ వ్యవస్థ శత్రువు అనుకుని ఎదురుతిరగడం. అప్పుడు హిస్టమిన్ అనే పదార్థం బయటికొస్తుంది. దాన్ని ఆపే మందుని 1937లో ఫ్రాన్సులో డానియల్ బోవె బృందం కనిపెట్టింది. 1957లో ఆయనకి నోబెల్ వచ్చింది. మన సిట్రజిన్ ఆ కుటుంబంలోదే.

మరి మిరప ఘాటు? అది వేరే దారి. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల మీద ఏ తలుపు తడుతుందో కనిపెట్టింది. విచిత్రం ఏంటంటే, అదే తలుపు దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా తెరుచుకుంటుంది. అందుకే కారం తింటే "మండుతోంది" అంటాం. ఒంటికి అది నిజంగా నిప్పే. 2021లో ఆయనకి కూడా నోబెల్ వచ్చింది.

మిరపకాయ పోర్చుగీసువాళ్ల ఓడల కాలంలో మన దేశానికి వచ్చింది. మన కూలీల ముక్కులు అప్పటి నుంచి మండుతూనే ఉన్నాయి. అయినా "నరం మండడం వేరు, ఎలర్జీ వేరు" అన్న తేడా మా అమ్మకి ఎవరూ చెప్పలేదు. ఘాటుకి హిస్టమిన్‌తో సంబంధం తక్కువ. కాబట్టి సిట్రజిన్ వేసుకుని కల్లానికి వెళ్తే మత్తు వస్తుంది గానీ మంట తగ్గదు. అక్కడ పనిచేసేది ఘాటుని ముక్కుదాకా రానివ్వకపోవడం. అయితే కల్లంలో మిరప ఒక్కటే ఉండదు. మట్టి, బూజు, గడ్డి దుమ్ము కూడా ఉంటాయి. వాటికి నిజం ఎలర్జీ, ఆస్తమా రావొచ్చు. సీజన్ అయిపోయి ఇంటికొచ్చాక కూడా రాత్రిళ్లు పిల్లికూతలు, ఆయాసం ఉంటే అది ఘాటు కాదు. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అమ్మది చివరికి రెండూ అని తేలింది.

టిప్స్: చేతుల మంటకి ముందు వంటనూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, ఉత్త నీళ్లలో కరగదు. చేయి కడగకుండా కళ్లు ముట్టుకోవద్దు. ముఖానికి పల్చటి చున్నీ కంటే సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు చాలా నయం. పనిచేసిన బట్టలు విడిగా ఉతకండి, స్నానం చేశాకే చంటిపిల్లల్ని ఎత్తుకోండి. ఇంట్లో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. తాలింపు వేసేటప్పుడు కిటికీ తీయండి. తుమ్ముల మాత్రలు కొన్ని మత్తు తెస్తాయి, అవి వేసుకుని బండి నడపొద్దు.

వయ్యారిభామ సంగతి

మన పొలం గట్ల మీద తెల్ల పూలు పూసే వయ్యారిభామ మీకు తెలుసు కదా? పార్థీనియం. అమెరికా ఖండం మొక్క. పూణెలో 1955 ప్రాంతంలో దాన్ని గుర్తించారు, తర్వాత దేశమంతా పాకింది. అమెరికా గోధుమలతో వచ్చిందని ఊళ్లలో చెప్పుకుంటారు. కానీ ఆ పీఎల్-480 గోధుమల ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1956 ఆగస్టులో. కాబట్టి కథ అంత సూటిగా లేదు. 1984లో దాన్ని తినే మెక్సికో పెంకుపురుగుని బెంగళూరు దగ్గర వదిలారు. పురుగులు తింటున్నాయి, మొక్క కూడా పెరుగుతోంది.

ఇది నిజమైన ఎలర్జీ తెచ్చే మొక్క. మెడ, కనురెప్పలు, మోచేతుల మడతల దగ్గర దురద, చర్మం మందమైపోవడం, కొందరికి తుమ్ములు, ఆయాసం. ఎక్కువగా పొలంలో తిరిగేవాళ్లకే వస్తుంది. పీకాలంటే పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకి తొడుగు వేసుకుని, నిండు చేతుల చొక్కాతో పీకండి. ఇప్పటికే దద్దుర్లు ఉన్నవాళ్లు దాని జోలికి అసలు వెళ్లొద్దు.

ప్రతి ఆయాసమూ ఎలర్జీ కాదని చెప్పడానికి మన తెలుగువాడి కథ ఒకటి. మన కోస్తాలో "ఈసినోఫిలియా" అనే మాట తెలియని ఇల్లు తక్కువ. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ పెరిగాయి అంటారు. ఎలర్జీకి అవి పెరుగుతాయి, కానీ బోదకాలు తెచ్చే పురుగు వల్ల కూడా పెరుగుతాయి. అప్పుడు రాత్రిళ్లు ఆస్తమాలాగే దగ్గు, ఆయాసం వస్తాయి. దానికి వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు 1947లో బయటికొచ్చింది. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆ పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. అందుకని డాక్టరు "ఏం పని?" అడిగాక "ఏ ఊరు?" అని కూడా అడగాలి. అడగకపోతే మనమే చెప్పాలి.

సోమవారం ఆయాసం

తాత ఇంకో మాట చెప్పాడు. మిల్లులో ఆదివారం సెలవు. సోమవారం పనిలోకి వెళ్తే ఛాతీ పట్టేసేది, వారం మధ్యకి సర్దుకునేది. నేను షాక్ అయ్యా. దానికి వైద్యంలో పేరుంది, బిసినోసిస్. పత్తి దుమ్ము వల్ల వస్తుంది. సోమవారమే ఎక్కువ ఉండటం దాని గుర్తు. 1950లలో రిచర్డ్ షిల్లింగ్ అనే డాక్టరు లాంకషైర్ మిల్లుల్లో దీన్ని గట్టిగా రుజువు చేశాడు.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో బిసినోసిస్ ఉండేది, మోత వల్ల వచ్చే చెవుడు కూడా ఉండేది. ఆ జబ్బులు చూసిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉండేది. మా తాత రెండూ మోశాడు. ఆయన గురించి ఎవరూ ఏ కాగితమూ రాయలేదు. సీజన్ కూలీకి హాజరుపట్టీయే సరిగ్గా ఉండదు, ఇక చెవి పరీక్ష ఎక్కడ? అమ్మ సంగతి ఇంకా దారుణం. కల్లం ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ చట్టం గేటు దగ్గరే ఆగిపోయింది.

యంత్రం, ఫోన్, తాత

మేం తాతకి మొదట ఒక దుకాణంలో వినికిడి యంత్రం కొన్నాం. పరీక్ష చేయకుండా డబ్బాలో పెట్టి ఇచ్చారు. తాత రెండు రోజులు పెట్టుకుని, "గింయ్ మంటోంది" అని తీసి పెట్టెలో పడేశాడు. ఏడాది అందులోనే ఉంది. తప్పు తాతది కాదు. అది అన్ని శబ్దాలనీ ఒకేలా పెంచేది. మాకు కావాల్సింది ముందు ఆడియోగ్రామ్, తర్వాత తాతకి ఎక్కడ తగ్గిందో అక్కడే పెంచే యంత్రం.

నాలాంటి ఇంజినీర్లకి ఇందులో ఒక ముచ్చట ఉంది. ట్రాన్సిస్టర్ 1947లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. జనం చేతికి అది మొదట వచ్చింది రేడియోలో కాదండి, వినికిడి యంత్రంలో, 1952 చివర్లో. ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది 1954లో. చెవిటివాళ్ల కోసం పనిచేసిన గ్రాహంబెల్ జ్ఞాపకంగా, వినికిడి యంత్రాలు చేసేవాళ్ల దగ్గర బెల్ ల్యాబ్స్ రాయల్టీ తీసుకోలేదు. వీడియో కింద తనంతట తనే వచ్చే అక్షరాలు ఉన్నాయి కదా, 2009లో యూట్యూబ్‌లో వాటిని తెచ్చిన ఇంజినీరు కెన్ హారెన్‌స్టీన్‌కి వినపడదు. 2019లో వచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వెనకున్న దిమిత్రి కనెవ్‌స్కీకీ వినపడదు. అది తెలుగులోనూ పనిచేస్తుంది. మీ తాతయ్య ఫోన్లో ఇవాళే వేసి, అక్షరం సైజు పెద్దది చేసి ఇవ్వండి.

యంత్రం పెట్టుకునేవాళ్లకి: మొదట్లో రోజుకి ఒకటి రెండు గంటలు, ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పెట్టుకోండి. అలవాటుకి వారాలు పడుతుంది. చెమట పడితే పొడిగుడ్డతో తుడిచి, రాత్రి సిలికా జెల్ సంచి ఉన్న డబ్బాలో పెట్టండి. చెవిలో నూనె, అగ్గిపుల్ల వద్దు. జలుబు, ముక్కు ఎలర్జీ ఉంటే చెవి మూసుకుపోయినట్టై ఇంకా తక్కువ వినపడొచ్చు. అప్పుడు ముక్కుకి వైద్యం చేయించాలి. ఒక చెవి ఒక్కసారిగా వినపడటం మానేస్తే మాత్రం ఆగొద్దు, ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. వినికిడి బాగా తగ్గినవాళ్లు సదరం క్యాంపులో పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ తీసుకోండి.

నాలాంటివాళ్లకి: 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కి టైము సగం అవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2, 100 దగ్గర పావుగంట. మీటరు లేకపోతే చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే హద్దు దాటినట్టే. ఫోన్ వాల్యూమ్ 60 శాతం లోపు ఉంచండి.

మాస్కు తీసి మాట్లాడింది

ఒక తిరకాసు మిగిలింది. డాక్టరు చెప్పినట్టు అమ్మ మాస్కు వాడటం మొదలుపెట్టింది. ఇంట్లో ఎండుమిరపకాయలు దంచినా, బూజు దులిపినా మాస్కే. దాంతో తాతకి అమ్మ మూతి కనిపించడం ఆగిపోయింది. అమ్మ ఊపిరిని కాపాడేది తాత చెవులు మూసేసింది. కరోనా అప్పుడు వినపడనివాళ్లందరికీ ఇదే అయింది. పైగా మాస్కు తీసేటప్పుడు తాడుకి వినికిడి యంత్రం చిక్కుకుని కిందపడేది.

మేమేం పెద్ద ఉపాయం చేయలేదు. దంచడం, దులపడం పెరట్లోకి మార్చాం. అమ్మ పని ఆపి, చేతులు కడుక్కుని, నాలుగు అడుగులు వచ్చి, తాత ఎదురుగా మాస్కు తీసి చెప్తుంది. ముందు చేయి ఊపుతుంది. తాత చూస్తాడు. అప్పుడు అడుగుతుంది, "అన్నంలోకి రసం వేయనా మావయ్యా?"

ఈ వెబ్‌సైట్‌లో ప్రతి ఎపిసోడ్‌నీ ఇలా అక్షరాల్లో ఎందుకు పెడతావు, వ్యూస్ పోతాయి కదా అని కొందరు అడిగారు. తాత చదువుతాడండి. మూడో తరగతి చదువు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నిదానంగా చదువుతాడు. ఇది కూడా చదువుతాడు. తాతా, పెళ్లిలో నువ్వు అలిగావనుకున్నాం. తప్పు మాదే.

మీరు మీ ఇంట్లో పెద్దవాళ్లని ఇవాళ ఎదురుగా కూర్చుని అడగండి: వయసులో ఉన్నప్పుడు ఏం పని చేశావు? అక్కడ మోత ఉండేదా? దుమ్ము ఉండేదా? చెప్పింది ఫోన్లో రాసిపెట్టుకోండి. వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన అడిగినా అడగకపోయినా ఆ నోటు చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.